కంటికి బిళ్ల, చెవికి?

గద్వాల పిలగాడొకడు లాప్‌టాప్ కెమెరాకు బొట్టుబిళ్ల అంటించాడు. ఎవరో చూస్తున్నారని భయమట! తప్పులేదు, 2016లో జుకర్‌బర్గూ టేపు వేసుకున్నాడు. కాకపోతే ఆయన మైకునూ వదల్లేదు. మనోడు కంటికి గంత కట్టి చెవి తెరిచే ఉంచాడు. మూత వేయగానే మైకును లోపలే తెంపేసే ఏర్పాటు 2018 మ్యాక్‌బుక్‌లలో వచ్చింది. వనపర్తిలో వాయిదాల మీద కొన్న డబ్బాలో దాన్ని వెతక్కండి. అయినా ఫోన్ ట్యాపింగ్ కేసు చూసిన రాష్ట్రంలో ఒక్క లాప్‌టాప్‌నే అనుమానిస్తే ఎలా? నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవిలో పులికే కెమెరా తప్పడం లేదు. పాపం, దాన్నెవరూ ‘అలౌ’ నొక్కమని అడగలేదు. మనమైతే అడిగీ అడగకముందే నొక్కేశాం!