డిపాజిట్టు పాఠం

మా రోజుల్లో రాజనీతిశాస్త్రానికి ఆనర్స్ లేదు. ఉస్మానియా కింద మా బి.ఏ.లో చరిత్ర, అర్థశాస్త్రాల పక్కన అదొక సబ్జెక్టు, అంతే. నేను 1982లో సూర్యాపేటలో చేరాను. కోదాడ నుంచి కొందరం, మిర్యాలగూడ నుంచి కొందరం బస్సుల్లో వచ్చేవాళ్లం. పరీక్షలు ఏడాదికొకసారే కాబట్టి ఒక పుస్తకంతో నెలల తరబడి కూర్చునే తీరిక ఉండేది. తెలుగు అకాడమీ పుస్తకాన్ని అట్ట ఊడేదాకా చదివాం. అప్పాదొరై ఇంగ్లిషు పుస్తకం ఒక్కటే ఉంటే నలుగురం చుట్టూ చేరి, నిఘంటువు చూసుకుంటూ ఒక్కో పేజీ దాటేవాళ్లం.

1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్.టి. రామారావును దించేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిని చేశారు. మర్నాడు మా సారు పాఠం పక్కన పెట్టి 164వ అధికరణం బోర్డు మీద రాశారు. మంత్రులు గవర్నర్ ఇష్టం మేరకు కొనసాగుతారంటే అర్థమేమిటో మమ్మల్నే చెప్పమన్నారు. బలం తేలాల్సింది శాసనసభలోనా, రాజ్‌భవన్‌లోనా? క్లాసులో మొదలైన వాదన బస్టాండు దగ్గర చాయ్ హోటల్లో, ఆఖరి బస్సు పోయేదాకా నడిచేది. సరిగ్గా నెలకు, సెప్టెంబరు 16న, రామారావు మళ్లీ ప్రమాణం చేశారు. సభలోనే తేలాలని సుప్రీంకోర్టు బొమ్మై కేసులో చెప్పింది 1994లో. ఆ తీర్పు పేపర్లో చదివిన రోజు నాకు మా చాయ్ హోటలే గుర్తొచ్చింది.

అంతర్రాష్ట్ర జలవివాదాల 262వ అధికరణమూ అంతే. సాగర్ ఎడమకాలువ కింద పొలాలున్న మిర్యాలగూడ పిల్లలకు దాన్ని ఎవరూ బట్టీ పెట్టించనక్కర్లేదు. ఈసారి నీళ్లొస్తాయా రావా అన్న మాట వాళ్లింట్లో రోజూ ఉండేదే.

ఇప్పుడు మా అన్న మనవరాలు హైదరాబాదులో రాజనీతిశాస్త్రం ఆనర్స్ చదువుతోంది. ఆ పిల్ల చురుకైనది, నా కోపం ఆమె మీద కాదు. ఆర్నెల్లకో సెమిస్టరు. పాఠం ఊరేలోపే ఇంటర్నల్స్, వెనకే పరీక్షలు. ఫోన్లో పీడీఎఫ్ నోట్సు, పరీక్ష ముందు రోజు ‘ఇంపార్టెంట్లు’. పుస్తకం మొత్తం చదివావా అంటే, ‘యూనిట్‌కు రెండు ప్రశ్నలే వస్తయి తాతా’ అంది. ఒకే శాస్త్రాన్ని లోతుగా తవ్వమని ఆనర్స్ పెట్టి, తవ్వే వేళ ఇవ్వకపోతే ఎట్లా? మేము ఆ అవకాశం కోసం మొహం వాచినవాళ్లం. అందుకే కడుపు మండుతుంది.

దసరాకు కోదాడ వచ్చినప్పుడు అడిగాను, లోక్‌సభకు పోటీ చేయాలంటే డిపాజిట్టు ఎంత అని. ఇరవై ఐదు వేలు, ఎస్సీ, ఎస్టీలకు సగం అని టక్కున చెప్పింది. ఒకప్పుడు 500 రూపాయలే ఉండేది, 1996లో ఒక్కసారిగా పదివేలు ఎందుకు చేశారంటే తెలియదంది. ఉమ్మడి నల్లగొండ జిల్లా పిల్లకు ఇది తెలియకపోవడం నాకు గుచ్చుకుంది.

కూర్చోబెట్టి చెప్పాను. ఆ ఏడాది నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోతుంటే, మా గోడు ఢిల్లీకి వినబడాలని వేసిన నామినేషన్లవి. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. తమిళనాడులో మొడకురిచి అసెంబ్లీ స్థానంలోనైతే వెయ్యి దాటారు. ఆ తర్వాతే చట్టం మార్చి డిపాజిట్టు పెంచారు.

పిల్ల ఫోను పక్కన పెట్టింది. కాసేపు ఏదో లెక్క వేసుకుంది.

‘ఆరోవంతు ఓట్లు రాకుంటే డిపాజిట్టు పోతది కద తాతా. అది తెలిసే కట్టిన్రా?’

‘తెలిసే కట్టిన్రు బిడ్డా.’