వాన వేరు, వర్షం వేరు

బడి పుస్తకాల్లో పర్యాయపదాల పట్టికను మించిన అబద్ధాల పుట్ట ఇంకొకటి లేదని నా వాదన. వాన అంటే వర్షం, వర్షం అంటే వృష్టి అని అందులో రాసి ఉంటుంది. పిల్లలు దాన్ని బట్టీపట్టి రెండు మార్కులు తెచ్చుకుంటారు, ఆ తర్వాత బతికినన్నాళ్లూ ఎక్కడా పాటించరు. నిజంగా అవి సమానార్థకాలే అయితే ఒకదాని కుర్చీలో ఇంకొకటి కూర్చోవాలి కదా, కూర్చోబెట్టి చూడండి. వానపామును వర్షపాము అంటే అది కాటేసేలా వినిపిస్తుంది. అరకొరగా అబ్బింది వానాకాలం చదువు. అదే వర్షాకాలం చదువు అంటే జూలై నెల హాజరుపట్టీ గుర్తొస్తుందే తప్ప తిట్టినట్టు ఉండదు. అసెంబ్లీలో మంత్రి మీద కురిసేది ప్రశ్నల వర్షం. ప్రశ్నల వాన అంటే ఆయన గొడుగు తెప్పించుకుంటాడు. సినిమా నిర్మాతకు కాసుల వర్షం, మామిడితోట రైతుకు రాళ్లవాన. ఎవరి వాటా ఏదో భాషకు బాగా తెలుసు. వర్షం కాగితం మీద కురుస్తుంది, వాన నెత్తిన పడుతుంది.

పండితులు వెంటనే అమరకోశం తెరుస్తారు. పర్యాయపదాలే లేకపోతే అమరసింహుడు అంత పుస్తకం ఎందుకు రాశాడయ్యా అని వాళ్ల ప్రశ్న. తెరవాలనే నేనూ కోరుకుంటున్నాను. ఆయన మేఘానికి ఉదారంగా 15 పేర్లు ఇచ్చాడు. వాన దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ముడుచుకుపోయింది: వృష్టి, వర్షం, అంతే. ఆ తర్వాత చేసిందంతా విడదీయడమే. ఎడతెగని ధారకు ఆసారమని ఒక పేరు, నీటి తుంపరకు శీకరమని ఒకటి, వడగల్లుకు కరకమని మరొకటి. ఉరిమేవాటికి 15 పేర్లు, కురిసేదానికి రెండు. ఆయన కాలం నాటి రాజకీయాలు కూడా మనవాటిలాగే ఉండేవేమో. ఇక వాన రాకుండా పోవడానికి ఆయన చెప్పిన మాట అవగ్రహం. సంస్కృతంలో ‘అ’కారం మింగుడుపడిపోయినచోట పెట్టే వంకర గీతకూ అదే పేరు. అక్షరం ఎగ్గొట్టినా ఆకాశం ఎగ్గొట్టినా నేరం ఒకటేనన్నమాట. కవులకు పర్యాయపదాలు అవసరం కదా అంటారా? వాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చేస్తాను. వాన, వృష్టి రెండూ గురులఘువులే, హగణమే. కానీ యతిస్థానంలో ‘వి’ అడిగితే వాన నిలబడదు, వృష్టి నిలబడుతుంది. ఆ ఇబ్బంది ఛందస్సుది. పొలంలో ఎవరికీ యతి తప్పదు.

పర్యాయపదాలు బతకవనడానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం వాతావరణ శాఖ ఇస్తుంది, తనకు తెలియకుండానే. 24 గంటల్లో 2.5 నుంచి 15.5 మిల్లీమీటర్ల దాకా పడితే తేలికపాటి, 64.4 దాకా మోస్తరు, 115.5 దాకా భారీ, 204.4 దాకా అతి భారీ, ఆపైన అత్యంత భారీ. ఇప్పుడు నిఘంటువు తీసి అతి, అత్యంత అనే మాటల తేడా వెతకండి. అత్యంతలో ఉన్నది కూడా అతే, వెనకాల అంతం తగిలించుకుంది. తెలుగువాడి చెవికి ఆ రెండూ ఒక్కటే. శాఖవారికి వాటి మధ్య నారింజ రంగు హెచ్చరికకూ ఎర్ర రంగు హెచ్చరికకూ ఉన్నంత దూరం. రెండు మాటలకు ఒకే అర్థం ఉండటాన్ని సర్కారు దఫ్తరు కూడా ఓర్చుకోలేక మధ్యలో గట్టు వేసుకుంది. ‘అక్కడక్కడ’ అనే మాటకు కూడా వాళ్ల దగ్గర లెక్క ఉంది: వాన నమోదైన కేంద్రాలు పాతిక శాతం మించకూడదు. మించితే ‘కొన్నిచోట్ల’, సగం దాటితే ‘చాలాచోట్ల’. ఆ ‘అక్కడ’ మన ఊరు ఎందుకు కాదన్నది మాత్రం చెప్పరు.

అయితే ఈ గట్లు వేసిన చోటే నాకు పేచీ. మోస్తరు అన్న మాట కింద 16 మిల్లీమీటర్లూ ఉన్నాయి, 64 మిల్లీమీటర్లూ ఉన్నాయి. మొదటిది పత్తి గింజకు మొలకనిస్తుంది, రెండోది ఆ గింజను పక్క చేలో మొలిపిస్తుంది. ఇంకో తమాషా ముసురు. 2.5 మిల్లీమీటర్లు పడితేనే శాఖవారి లెక్కలో అది వర్షపు రోజు. మూడు రోజులు ముసురు పట్టి, గొడ్లు కొట్టంలోంచి కదలక, పిడకలు అంటుకోక, ఉతికిన బట్ట ఆరక ఊరంతా మూలుగుతున్నా, రోజుకు రెండు మిల్లీమీటర్లే పడిందనుకోండి, రికార్డు ప్రకారం ఆ మూడు రోజులూ ఒక్క వర్షపు రోజూ లేదు! అటు చివర 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. అంటే ఎకరానికి దాదాపు 26 లక్షల లీటర్లు. భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి మునిగిందీ అప్పుడే. దానికీ 205 మిల్లీమీటర్ల వానకూ పేరు ఒకటే, అత్యంత భారీ. అత్యంతం తర్వాత ఇంకేముంటుందని పేరు పెట్టినవాళ్లు అనుకున్నారు, వాన అలా అనుకోలేదు.

మహబూబాబాద్ జిల్లా బయ్యారం వైపు జనం మాటలు ఇంకో దారిన పోతాయి. పైనుంచి ఎంత రాలిందన్నది వాళ్లకు అక్కర్లేదు, కిందికి వచ్చాక అది ఏం చేసిందన్నదే లెక్క. దుమ్ము అణిగిందా, పదునైందా, సాళ్లలో నీళ్లు నిలిచాయా, చెరువు అలుగు పారిందా. పదును అన్న ఒక్క మాటలో వానతో పాటు నేల కూడా ఉంది. ఒకే వానకు ఎర్రటి చెలక పదునవుతుంది, పక్కనే ఉన్న నల్లరేగడి బురదై నాగలిని పట్టేసుకుంటుంది. వాన కొలిచే గాజు గొట్టానికి ఈ తేడా తెలియదు, అది దేన్నీ దున్నదు కదా. ఇక్కడ ఆకాశం కమ్ముకుంటే మొగులైందంటారు. మొగులు పాత కావ్యాల్లో ఉన్న అచ్చ తెలుగు మాటే. పట్టికలో దాని పక్కన మబ్బు అని రాసి ఉంటుంది, కానీ ‘మబ్బుల లేచిండు’ అంటే ఈ ప్రాంతంలో తెల్లవారకముందే చీకట్లో లేచాడని అర్థం. విమానం ఎక్కాడని కాదు.

బయ్యారం పెద్దచెరువు సంగతే తీసుకోండి. కాకతీయ గణపతిదేవుడి తోబుట్టువు మైలమ 13వ శతాబ్దిలో తవ్వించిన ఆ తటాకానికి శాసనంలో ఉన్న పేరు ధర్మకీర్తి సముద్రం. అదే శాసనంలో ఆమె పుట్టింటివారి వంశక్రమం కూడా చెక్కించింది. కాకతీయుల తొలి తాతల పేర్ల కోసం చరిత్రకారులు ఈ రాయి దగ్గరికే వస్తారు. చెరువును సముద్రం అనడం అతిశయోక్తి అని ఎవరైనా అనొచ్చు. కాకతీయుల సీమలో అది వాడుక, అదే జిల్లాలో కేసముద్రం ఊరి పేరులోనూ ఒక సముద్రం దాక్కుంది. ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూస్తే అతిశయోక్తి కూడా కాదు: బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితేనే కదా ఇక్కడ కట్ట నిండేది. (అల్పపీడనం అన్న పేరు పెట్టినవారికి నమస్కారం. అది పెట్టే పీడనలో అల్పం ఎక్కడుందో వరదలో చిక్కినవారిని అడగాలి.) నిండిన చెరువు దగ్గర కూడా మాట ఒక్కటిగా ఉండదు. ఖమ్మం వైపు అలుగు పారుతుంది, వరంగల్ వైపు మత్తడి దుంకుతుంది. 2016లో బయ్యారం మండలాన్ని ఖమ్మం నుంచి తీసి మహబూబాబాద్ జిల్లాలో కలిపారు. కాగితాలన్నీ మారాయి గాని, అలుగును మత్తడిగా మార్చే జీవో మాత్రం రాలేదు.

ఇవన్నీ వినడానికి బాగున్నాయి, ఊరికో తీరుగా ఉన్న మాటలతో ప్రభుత్వం ఎలా నడుస్తుందన్నది చివరి అభ్యంతరం. న్యాయమైనదే. ‘సాళ్ల నీళ్లు నిలిచాయి’ అన్న మాట మీద గేట్లు ఎత్తమని ఎవరం అడగలేం, అంకెలు ఉండాల్సిందే. కానీ సర్కారు తలుచుకుంటే మాట మార్చగలదని తెలంగాణలోనే చూశాం: ఖరీఫ్, రబీ పోయి వానాకాలం, యాసంగి వచ్చాయి. అరబ్బీలో ఖరీఫ్ అంటే ఆకులు రాలే కాలం. ఆకు మడి పోసే రోజుల్ని మనం ఇన్నేళ్లూ ఆ పేరుతో పిలిచాం. అక్కడితో ఆగిపోవడమే తప్పు. మిర్చి కల్లాల్లో ఎండుతున్నప్పుడు, వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్పలుగా ఉన్నప్పుడు వచ్చి ముంచేదాన్ని దఫ్తరు అకాల వర్షం అంటుంది, రైతు చెడగొట్టు వాన అంటాడు. మొదటి పేరు తప్పంతా పంచాంగం మీదికి నెడుతుంది, రెండోది నేరుగా వాన పేరిటే కేసు రాస్తుంది. ఆ రెండో పేరు సర్కారు ఒప్పుకోవాలంటే 33 శాతం పంట చెడిందని అధికారులు తేల్చాలి. 32 శాతం చెడగొట్టి పోయిన వానకు ఏ దఫ్తరులోనూ పేరు లేదు. పొలం గట్టు మీద మాత్రం దానికి చాలా పేర్లున్నాయి, అచ్చు వేయడానికి సంపాదకులు ఒప్పుకోరు.