‘కౌంటర్‌స్పెల్’ అను ఏకపంక్తి కావ్యమునకు ‘అడ్డుపుల్ల’ వ్యాఖ్య

అవతారిక: మా మేనల్లుడు రుషికొండ ఐటీ కొండ మీద ఉద్యోగం చేస్తాడు. ఆదివారాలు గాజువాకలో మా ఇంటికొచ్చి, భోంచేసి, ‘మేజిక్ ద గేదరింగ్’ అనే ఆట ముక్కలు మంచం మీద పరుస్తాడు. ఒక్కో ముక్కనీ వెలుతురుకి పెట్టి చూసి మార్కులు వేస్తాడు. ‘టెంపో బాగుంది మావయ్యా. వాల్యూ కూడా ఉంది. కానీ మెటాని బట్టి. ఐదుకి నాలుగుంపావు.’ ఏ ముక్క చూపించినా చివరికి ‘సందర్భాన్ని బట్టి’ అనే అంటాడు. సందర్భాన్ని బట్టి మారనిది లోకంలో ఏముంది నాయనా? మూడు మాటలున్న ముక్కకి ముప్పావుగంట ఉపన్యాసం. ఉపన్యాసమే కావాలంటే ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పినవాణ్ణి, నేనేం తక్కువ తిన్నానా?

మెతుకుసీమ మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. నేను అలాంటి ఒట్టేదీ పెట్టుకోలేదు.

మూలము: కౌంటర్ టార్గెట్ స్పెల్.

ప్రతిపదార్థము: స్పెల్ = మంత్రము. సులభము. టార్గెట్ = గురిపెట్టిన. స్పష్టము. కౌంటర్ = ఇక్కడ ఆగాలి. రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చే కౌంటరు ఒకటి. కోర్టులో వకీలు దాఖలు చేసే కౌంటరు ఒకటి. పెళ్లిపందిట్లో బావమరిది వేసే కౌంటరు మరొకటి. మొదటిది ఇక్కడ పొసగదు. రెండోదానికి వాయిదాలుంటాయి, దీనికి లేవు. కనక బావమరిది అర్థమే గ్రాహ్యం: ఆ క్షణాన పడాలి, మర్నాడు తట్టి లాభం లేదు.

జాతినిర్ణయము: 1993లో ఈ ముక్క పుట్టినప్పుడు ‘ఇంటరప్ట్’ జాతిది. 1999లో ఆరో ఎడిషన్ నిబంధనలు వచ్చి ఆ జాతినే ఎత్తేసి దీన్ని ‘ఇన్‌స్టంట్’లలో కలిపాయి. మధ్యలో అడ్డొచ్చే జాతిని రద్దు చేసిన శాస్త్రం నాకు తెలిసి ఇదొక్కటే. మన టీవీ చర్చల్లో అది దినదిన ప్రవర్ధమానం.

తాత్పర్యము: ఎదుటివాడు మంత్రం వేశాడు. అది ఇంకా ఫలించలేదు. ‘స్టాక్’ అనే త్రిశంకుస్వర్గంలో వేలాడుతోంది. అప్పుడే రెండు నీలిమానాలు చెల్లించి ఈ ముక్క వేస్తే ఆ మంత్రం శ్మశానానికి పోతుంది. ఫలించాక వేస్తానంటే కుదరదు. మా విశాఖ రేవు భాషలో చెప్పాలంటే, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కన ఓడ ఛానల్లోకి వస్తుండగానే ఆపాలి. బెర్తుకి తాళ్లు కట్టి సరుకు దింపుతుంటే ‘రావద్దు’ అన్నవాణ్ణి చూసి కళాసీలు నవ్వుతారు.

విశేషము: మానా అనగా మాంత్రికుడి శక్తి. పసిఫిక్ దీవుల మాట. నాకు మాత్రం ‘మానం’ అని వినిపిస్తోంది. నిఘంటువు ఒప్పుకోదు. భారతం ఒప్పుకుంటుంది. ద్రోణపర్వంలో అశ్వత్థామ నారాయణాస్త్రం వేసినప్పుడు దానికి ప్రత్యస్త్రం లేదు. రథాలు దిగి ఆయుధాలు కింద పెట్టమన్నాడు కృష్ణుడు. అంటే ఆ కౌంటరు ఖరీదు మానం. అందరూ చెల్లించారు. భీముడు చెల్లించనన్నాడు. కృష్ణార్జునులు పట్టుకు లాగి దింపాల్సొచ్చింది. సౌప్తికపర్వంలో అదే అశ్వత్థామ బ్రహ్మశిరోస్త్రం వేశాడు. అర్జునుడూ అదే వేశాడు. వ్యాసనారదులు మధ్యన నిలబడి వెనక్కి తీసుకోమంటే అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామకి చేతకాలేదు. అది పోయి ఉత్తర గర్భం మీద పడింది. బాలకాండలో రాముడు, ఇంకా పదహారేళ్లు నిండనివాడు, విశ్వామిత్రుడు అస్త్రాలివ్వగానే వాటి ఉపసంహారం కూడా నేర్పమన్నాడు. వెయ్యడం నేర్చినవాడు విద్యార్థి, ఆపడం కూడా అడిగినవాడు...

ఏం చెప్తున్నాను? ఆఁ, ముక్క.

పూర్వపక్షము: ‘రెండు మానాలు ఖర్చుపెట్టకుండా పట్టుకు కూర్చోవాలి. వాడు మంత్రం వెయ్యకపోతే నీ వంతు దండగే కదా మావయ్యా?’

సిద్ధాంతము: ఒరేయ్, నీ మొత్తం ఉపన్యాసంలో పనికొచ్చే మాట ఇదే. దీని గొప్పతనమంతా ఆ దండగలోనే ఉంది. దీని దాయాదుల్ని చూడు. 2006 నాటి ‘క్యాన్సిల్’ అదే పనికి మూడు మానాలడుగుతుంది. 1998 నాటి ‘మానా లీక్’ రెండే అడుగుతుంది గానీ ఎదుటివాడు మూడు చెల్లిస్తే తప్పించుకుంటాడు. 1996 నాటి ‘ఫోర్స్ ఆఫ్ విల్’ ఐదడుగుతుంది. లేదంటే ప్రాణంలో ఒక పాలూ, చేతిలో మరో నీలిముక్కా ఇచ్చుకోమంటుంది. ‘వద్దు’ అన్నవాడు తన జేబులోంచి ఏదో ఒకటి తియ్యాల్సిందే. ఇదీ ఈ శాస్త్రంలో ధర్మం.

ఇప్పుడు నా పింఛను ఫైలు సంగతి. ఒకానొక ఆఫీసులో పధ్నాలుగు నెలలుగా ఉంది. మొదట ఇంటిపేరు పొడి అక్షరం ‘కె’ అని ఉంది, ‘కే’ ఉండాలన్నారు. దిద్దించాను. ‘పునఃపరిశీలించి సమర్పించుడు’ అని తిరిగొచ్చింది. ఎవరు పునఃపరిశీలించాలో రాయలేదు. అలా రాసినాయనకి ఏ మానమూ ఖర్చు కాలేదు. ఆటోకి డబ్బులు నావి, జిరాక్సు నాది, మోకాళ్లు నావి. ఆటలో ఇలాంటి ముక్క అచ్చేస్తే పిల్లలు బల్ల తిరగేస్తారు.

మా ఊరి పెద్ద ముక్క సంగతీ అంతే. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారం అమ్మకానికి ఢిల్లీలో ‘సూత్రప్రాయంగా’ ఆమోదం పడింది. కూర్మన్నపాలెం శిబిరంలో కార్మికులు దీక్షలతో కౌంటరు వేశారు. 2025 జనవరిలో అదే ఢిల్లీ 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ఇచ్చింది. మంత్రం ఫలించిందా, భంగమైందా? స్టాక్‌లోనే ఉందని మా వీధి అరుగు మీది పండితాభిప్రాయం. ‘సూత్రప్రాయ’మన్న మాటకి భాష్యం రాయడం మల్లినాథుడికైనా కష్టమే. కానీ శిబిరంలో కూర్చున్నవాళ్లు ఎండలో కూర్చుని మానా చెల్లించారన్నది మాత్రం స్పష్టము.

ఫలశ్రుతి: ముక్కకి ఐదుకి ఐదు, ఏ సందర్భమైనా సరే. ‘వద్దు’ అనే అధికారం ఉన్న అయ్యలకో విన్నపం: అనండి. ఓడ ఛానల్లో ఉండగానే అనండి, ఎందుకో చెప్పి అనండి, అన్నందుకు మీరూ ఓ రెండు మానాలు చెల్లించండి.

ఇది శ్రీమద్గాజువాకపుర నివాసియు, ఇంటిపేరు పొడి అక్షరము ఇంకను తేలనివాడును, సవరణ పింఛను అందనివాడును అగు విశ్రాంత తెలుగు పండితునిచే రచింపబడిన ‘అడ్డుపుల్ల’ వ్యాఖ్య సమాప్తము.