లొకేషన్ ఆన్‌లో ఉందా సార్?

యూనివర్సిటీలో ఏదైనా జరిగిందనడానికి ఇప్పుడు రెండే సాక్ష్యాలు చెల్లుతాయి: అక్షాంశం, రేఖాంశం. పాఠం చెప్పాను మొర్రో అని మాస్టారు, విన్నాం మహాప్రభో అని పిల్లలు ఎంత మొత్తుకున్నా న్యాక్ వారు నమ్మరు. ఫొటో కావాలి. ఫొటో కింద ఊరు, తేదీ, టైముతో పాటు ఆ రెండు అంకెలూ పడాలి. 1994లో బెంగళూరులో పెట్టిన ఈ న్యాక్ సంస్థ పని కాలేజీలకూ యూనివర్సిటీలకూ గ్రేడు వేయడం. నాలుగుకి 3.51 తెచ్చుకుంటే ఎ ప్లస్ ప్లస్. ఆ రెండో ప్లస్ కోసం పడే పాట్లు పగవాడికి కూడా వద్దు.

ఆ మధ్య ఒక జాతీయ సెమినార్‌కి వెళ్లాను. జాతీయం అంటే పక్క జిల్లా నుంచి ఇద్దరు వచ్చారని. జ్యోతి ప్రజ్వలన ఘట్టం. ముఖ్య అతిథి కొవ్వొత్తి అందుకుని వంగారు. ఫోన్ పట్టుకున్న కాంట్రాక్టు లెక్చరర్ "ఒక్క నిమిషం సార్, లొకేషన్ రావట్లేదు" అన్నాడు. తాళి పట్టుకుని ఫొటోగ్రాఫర్ కోసం ఆగిన పెళ్లికొడుకులా ఆయన అలాగే ఉండిపోయారు. మైనం వేళ్ల మీదికి కారింది. ఉపగ్రహాలు కరుణించాక క్లిక్‌మంది. తీరా చూస్తే ఫొటో కింద పక్క మండలం పేరు! ఆర్పి, మళ్లీ వెలిగించారు. జ్యోతి ఆర్పడం అశుభమే, కాదనను. కానీ అప్‌లోడ్ చేసినవి నిజమో కాదో తేల్చే డీవీవీ అనే తంతులో లొకేషన్ తప్పడం అంతకన్నా అశుభం. ప్రసంగం మొదలయ్యేసరికి హాల్లో సగం మంది లేరు. ఉండక్కర్లేదు కూడా, బ్యానర్ ముందు గ్రూప్ ఫొటో అప్పటికే అయిపోయింది. ఆ ఫొటో తీసిన కుర్రాడు చేస్తున్న పోస్టు మాత్రం ఏళ్లుగా ఖాళీ. ఖాళీ కుర్చీకి జియోట్యాగ్ ఫొటో ఎవరూ అడగరు.

ఇక పరిశోధన. కాపీని కొలిచే నిబంధనలు యూజీసీ 2018లో తెచ్చింది. పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పాతరోజుల్లో ఇంకొకరి థీసిస్‌లోంచి పేజీలకు పేజీలు ఎత్తి రాసేవారు. పాపం, ఎత్తి రాయడానికైనా ఒకసారి చదవాల్సి వచ్చేది. ఇప్పుడు చాట్‌జీపీటీ రాసిపెడుతుంది, సాఫ్ట్‌వేర్ 4 శాతమేనని సర్టిఫికెట్ ఇస్తుంది. తప్పేముంది? అది ఎవరి దగ్గరా కొట్టింది కాదు, ఎవరూ రాసిందీ కాదు. గైడు గారు దాన్ని అదే యంత్రానికి చూపించి అభిప్రాయం అడుగుతారు. "చాలా లోతైన పరిశీలన" అంటుందది. తన రాతను తానే మెచ్చుకునే అలవాటు ఇదివరకు మన కవులకే ఉండేది.

పిల్లల కష్టం వేరు. వాళ్ల క్రెడిట్లు దాచడానికి 2021లో అకడమిక్ బ్యాంక్ వచ్చింది. ఆ ఐడీ లేకపోతే పరీక్ష ఫీజు కట్టించుకోమని నోటీసు బోర్డు. ఐడీకి ఆధార్ కావాలి, ఆధార్‌కి ఓటీపీ కావాలి, ఓటీపీ వెళ్లేది ఊళ్లో నాన్న ఫోనుకి. గేటు ఎదురుగా నెట్ సెంటర్లో ఒకమ్మాయి ఫోన్లో అరుస్తోంది.

"నాన్నా, మెసేజ్ వచ్చింది చూడు, ఆరంకెలుంటాయి!"

"వచ్చిందమ్మా. రీచార్జి అయిపోవచ్చిందంట."

"అది కాదు నాన్నా, దాని పైది."

"అద్దాలు ఇంటికాడున్నాయి తల్లీ. చేలో మందు కొడతన్నా, సాయంత్రం చూత్తాలే."

ఓటీపీకి సాయంత్రం దాకా ఓపికేదీ? "మళ్లీ పంపిస్తాలే అక్కా" అన్నాడు నెట్ సెంటర్ కుర్రాడు. రిజిస్ట్రార్ ఎవరో ఆ అమ్మాయికి తెలీదు. ఆమె చదువు వరకూ రిజిస్ట్రారూ, కంట్రోలరూ అన్నీ ఈ కుర్రాడే.

హరిత క్యాంపస్ కథ చెప్పకపోతే పాపం తగులుతుంది. వనమహోత్సవానికి లైబ్రరీ వెనకాల గుంతలో మొక్క నాటుతారు. ఏటా అదే గుంత. మొక్క ఎలాగూ ఎండుతుంది, కొత్త గుంత తవ్వకం దండగ. అయిదేళ్ల ఫొటోలు పక్కపక్కన పెడితే వీసీలు మారారు, మొక్కలు మారాయి, అక్షాంశం మారలేదు. అప్‌లోడ్ చేసినవాళ్లే చూడనప్పుడు ఇంకెవరు చూస్తారు?

ఈ ఏడు ఘోరం జరిగిపోయింది. నిరుడు పెట్టిన కానుగ మొక్క బతికింది. ఎవరు నీళ్లు పోశారో తెలీదు, వాచ్‌మన్ మీద అనుమానం. వీసీ గారు వచ్చే వేళకి గుంత ఖాళీ లేకపోయేసరికి న్యాక్ పనులు చూసే కోఆర్డినేటర్ గారికి కాళ్లూ చేతులూ ఆడలేదు. పీకేద్దామంటే పర్యావరణ కమిటీ కన్వీనరూ ఆయనే. గూగుల్ మీట్‌లో అత్యవసర సమావేశం పెడితే అందరూ కెమెరాలు కట్టేసుకుని హాజరయ్యారు. చివరికి ఒక పెద్దాయన దారి చూపించాడు. న్యాక్ ఏడో విభాగంలో సంస్థ పాటించే ఉత్తమ పద్ధతులు రెండు రాయాలి కదా, ఈ కానుగ మొక్కని ఒకటిగా రాసేద్దాం అని. తీర్మానం ఏకగ్రీవం. రెండోదాని కోసం వెతుకుతున్నారు.