మంచం దిగకండి, బావగారూ!

బైలదిల్లా ఇనుప గనుల్లో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక విశాఖ వెళ్ళకుండా జగదల్‌పూర్‌లోనే ఇల్లు కట్టుకున్న బావగారూ! మీ గుండె పంపింగ్ తగ్గిందని తెలిసింది. ఇక డాక్టర్ల మాట అటుంచి, నా చిట్కాలు వినండి.

మొదటిది మంచం. నులక మంచమైతే మరీ మేలు, మధ్యలో కుంగి లేవనివ్వదు. గుండెకు పని తగ్గిస్తే గుండె బాగుపడుతుందన్నది నా సిద్ధాంతం. ఒకప్పుడు డాక్టర్లూ ఇదే చెప్పేవారు, తర్వాత చెడిపోయారు. 1988లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో గుండె బలహీనపడిన 12 మంది చేత కొన్ని నెలలపాటు కసరత్తు చేయించారు. పంపింగ్ శాతం పెరగనే లేదు. నేను చెప్పలేదూ? కాకపోతే ఒళ్ళు వాడుకోగల ఆక్సిజన్ గరిష్ఠ మోతాదు మాత్రం 23 శాతం పెరిగిందట. గుండె అలాగే ఉండగా మనిషెలా పుంజుకున్నాడయ్యా అంటే, కాళ్ళకు రక్తం ఎక్కువగా అందిందట, కండరాలు అందులోంచి ప్రాణవాయువును గట్టిగా పిండుకోవడం నేర్చాయట. ఈ దొడ్డిదారి మనకొద్దు. కాళ్ళు కదపకండి. కొన్ని వారాల్లో పిక్కలు పుల్లలవుతాయి. అప్పుడు స్నానానికి వెళ్ళొచ్చినా ఆయాసమే. దాన్నీ గుండె ఖాతాలో రాసేసి, ఇంకాస్త పడుకోవచ్చు.

చదువుకున్న కోడలు 2009 నాటి పెద్ద అధ్యయనం ఏదో తెచ్చి చూపిస్తుంది. అమెరికా, కెనడా, ఫ్రాన్స్‌లలో 2,331 మంది రోగులు. మరణాలూ ఆస్పత్రి చేరికలూ కలిపి చూస్తే, కసరత్తు చేయమన్నవాళ్ళకూ మిగతావాళ్ళకూ మధ్య మొదటి లెక్కలో తేడా నికరంగా తేలలేదు. చదవడం అక్కడితో ఆపించండి. రోగుల తీవ్రతను కూడా లెక్కలోకి తీసుకుంటే 11 శాతం తగ్గాయనీ, కసరత్తు సురక్షితమేననీ ఆ తర్వాత ఉంటుంది. చేయమన్నవాళ్ళలో చాలామంది చెప్పినన్ని నిమిషాలు చేయనే లేదు. నాకు వాళ్ళే నచ్చారు.

దసరా వస్తోంది. జగదల్‌పూర్‌లో అది 75 రోజుల పండుగ. దంతేశ్వరి అమ్మవారి రథం లాగడానికి పల్లెల నుంచి జనం వస్తారు. మీరు కుర్చీలోంచి చూడండి, పక్కన జిలేబీ పొట్లం ఉంచుకోండి.

తప్పదు, నడవాల్సిందే అని ఇంట్లో పట్టుబడితే, నెమ్మదిగా మొదలుపెట్టడం అవమానం. మూడు నెలలు పడుకుని లేచి, ఎవరికీ చూపించుకోకుండా, నేరుగా తీరథ్‌గఢ్ జలపాతం మెట్ల మీదికి. పక్కవాడితో మాట్లాడుతూ నడవగలిగేంత వేగం చాలు, దళపత్ సాగర్ గట్టు మీద పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుదామనే ఫిజియోథెరపిస్టు పిరికివాడు. రోజూ బరువు చూసుకోమనేవాళ్ళూ అంతే. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టట, నడక ఆపి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలట! ఆవకాయ ఒంటబట్టిందనుకుని ఊరుకోండి. పాదాలు ఉబ్బితే చెప్పులు మార్చండి.

చివరికి ఆస్పత్రిలో ఆరు నిమిషాల నడక పరీక్ష పెడతారు. 30 మీటర్ల వరండాలో అటూ ఇటూ తిరగాలి, ఎన్ని మీటర్లు నడిచారో నర్సమ్మ రాసుకుంటుంది. మూడో రౌండులో బెంచీ కనిపిస్తుంది, కూర్చుని టీ అడగండి. క్రితంసారి కంటే మీటర్లు తగ్గాయని ఆవిడ మొహం చిట్లిస్తే కంగారు పడకండి బావగారూ, నా చిట్కా పనిచేస్తోందన్నమాట.