రౌటరు పద్యానికి టీకా తాత్పర్యం

రౌటరింటి మూల రాజిల్లుచుండగా
వీపియన్ను కోరి విసిగి వేగి
పోర్టు తెరువుమంచు పుత్రుండు పలుకగా
తలుపు తెరిచినాడు తండ్రి లేచి

అవతారిక: ఈ ఆటవెలది మా ఇంట్లో ఫ్రిజ్జు మీద, పాలలెక్క రాసుకునే కాగితం వెనక దొరికింది. కవి పేరు లేదు. గణాలు సరిపోయాయి, యతులు నిలిచాయి, గురి మాత్రం నామీదే ఉన్నట్టు తోచింది. కాళిదాసు కావ్యాలకు మెదకు సీమలోని కొలిచెలమ నుంచి మల్లినాథ సూరి దొరికాడు. దీనికి ఎవరూ దొరికేట్టు లేరు గనుక నేనే పూనుకున్నాను.

కథాసందర్భం: తెనాలిలో ఉదయం ఏడు గంటలు, వేసవి కాబట్టి డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. తల్లిదండ్రులు కొడుకు దగ్గరికి ఆర్నెల్లు వెళ్లబోతున్నారు. అక్కడ కూర్చుని ఇక్కడి పెరటి కెమెరా చూసుకోవాలి. కెమెరాను నేరుగా ఇంటర్నెట్‌కు వదిలేస్తే మనతోపాటు ఊరూపేరూ లేనివాళ్లు కూడా చూస్తారు. ముందు గుప్తమార్గాన ఇంట్లోకి వచ్చి, ఆ తర్వాతే కెమెరా దగ్గరికి పోవాలన్నది పుత్రుడి సిద్ధాంతం.

ప్రతిపదార్థం: రౌటరు = ఇంటర్నెట్ కంపెనీవాడు ఉచితమని చెప్పి గోడకు కొట్టిపోయిన నల్లపెట్టె; ఇంటి మూల = సిగ్నలు తప్ప అన్నీ అందే మూలలో; రాజిల్లుచుండగా = పచ్చదీపాలన్నీ వెలుగుతుండగా, అనగా లోపం ఏదీ పైకి కనబడకుండా; వీపియన్ను = దీని సంగతి కింద చూడండి; కోరి = ఆశపడి; విసిగి, వేగి = స్పష్టం; పోర్టు = ఇదీ కిందే; తెరువుము అంచు = తెరవమంటూ; పుత్రుండు = కొడుకు; పలుకగా = ఫోను స్పీకర్లో అరవగా; తలుపు = వీధి తలుపు; తెరిచినాడు = గడియ తీశాడు; తండ్రి = ఆ కొడుకుకు తండ్రి; లేచి = మోకాలు పట్టుకుని.

తాత్పర్యం: కొడుకు పోర్టు తెరవమంటే తండ్రి వెళ్లి వీధి తలుపు తీశాడు. ఇది పైపైన చదివేవాళ్లు నవ్వుకునే అర్థం. వ్యాఖ్యాతకు ఇది సమ్మతం కాదు.

విశేషాలు: ‘రౌటరు’ అని ఏకవచనం వాడడం కవి చేసిన మోసం. కంపెనీ పెట్టెకు వీపియన్ విద్య రాదు. పుత్రుడు ఆన్‌లైన్‌లో కొని పంపిన రెండోది దాని పక్కనే ఉంది. గణం చెడుతుందని ఒకదాన్ని దాచేశారు.

‘వీపియన్’ శ్లేష. ప్రకటనల్లో కనిపించేది ఒకటి: ఇంట్లో నుంచి బయలుదేరిన ప్రతి ముక్కా ముందు ఎవరో కంపెనీవాడి యంత్రానికి చేరి, అక్కడి చిరునామాతో లోకంలోకి పోతుంది. మనకు కావలసింది దీనికి తిరగబడ్డది. లోకంలో ఎక్కడున్నా మనమే మన ఇంట్లోకి రావాలి. మొదటిది అల్లుడిని అత్తారింటికి పంపడం, రెండోది కొడుకును ఇంటికి పిలవడం. పేరొక్కటే కావడంతో ఆ తండ్రి రెండు రోజులు మొదటిదాని వీడియోలు చూసి, ఒక నెల చందా కూడా కట్టాడు. ఆ మొత్తం ఎంతో పద్యంలో లేదు, టీకలోనూ రాదు.

పుత్రుడు ఎంచుకున్నది వైర్‌గార్డ్. 2001 నాటి ఓపెన్‌వీపీఎన్ కంటే చిన్నది. 2020లో లినక్స్ కెర్నెల్ 5.6లో చోటు సంపాదించుకుంది. ఇందులో ప్రతి యంత్రానికీ రెండు తాళంచెవులు, ఒక్కొక్కటి 44 అక్షరాలు. ఒకటి వీధిలో నిలబడి చదివినా ఫర్వాలేదు, రెండోది కట్టుకున్న భార్యకు కూడా చెప్పకూడదు. ఆ తండ్రి మొదట రెండోదాన్నే ఎత్తుకున్నాడు. “క్యాపిటల్ క్యూ, స్మాల్ ఎల్...” “ఆపండి నాన్నా! అది చదవకూడదు!” పాత తాళంచెవులు పారేసి కొత్తవి చేశారు. అప్పటికి ఇడ్లీలు చల్లారాయి.

ఇక ‘పోర్టు’. దీన్ని రేవు అని చెప్పేవాళ్లున్నారు. మచిలీపట్నం పక్కనే ఉంది గనుక వాళ్లను తప్పుపట్టలేం. ఇక్కడ మాత్రం ద్వారమనే అర్థం. ఒక చిరునామాకు సున్నాతో కలిపి 65,536 ద్వారాలు. వైర్‌గార్డ్‌కు అలవాటైనది 51820వది. బయటినుంచి ఆ ద్వారం తట్టినవాణ్ని లోపలి రెండో రౌటరు దగ్గరికి పంపమని మొదటి రౌటరుకు చెప్పాలి. పుత్రుడు తెరవమన్నది ఇదే.

శంక: అట్లయితే వీధి తలుపు తీసిన తండ్రి తెలివితక్కువవాడు కాదా?

సమాధానం: కాదు. ఆ పోర్టు కూడా చివరికి తెరిచారు. అయినా డాలస్ నుంచి తట్టిన చప్పుడు తెనాలికి వినబడలేదు. తొమ్మిదింటికి గానీ పుత్రుడికి అనుమానం రాలేదు: “నాన్నా, రౌటర్లో వ్యాన్ ఐపీ అని ఉంటుంది, ఏ అంకెతో మొదలైంది?” 100.72. అవతల కాసేపు మౌనం. పాత ఐపీ చిరునామాలు లోకం మొత్తానికి కలిపి 429 కోట్లే. అవి చాలక కంపెనీలు ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతున్నాయి. అలా పంచుకునే ఇళ్లకు లోపలి గుర్తుగా వాడమని 100.64 నుంచి 100.127 దాకా ఉన్న వరసను 2012లో కేటాయించారు. అంటే మనం మన గడప తలుపు తీసి కూర్చున్నాం గానీ వీధి మొగలో పెద్ద గేటు ఉంది, దాని తాళం కంపెనీవాడి మొలలో ఉంది. బయటివాడు వచ్చి తడితే ఏ ఇంటివాడి కోసమో ఆ గేటుకు తెలియదు, వెనక్కి కూడా పంపదు, మింగేస్తుంది. రెండు గంటలపాటు పుత్రుడు తెరిపించిన పోర్టు వల్ల ఒక్క అక్షరం లోపలికి రాలేదు. తండ్రి తెరిచిన తలుపులోంచి గాలైనా వచ్చింది.

పరిష్కారం క్లుప్తంగా: బయటివాడు రాలేడు గానీ లోపలివాడు పోగలడు. ముంబయిలో అద్దెకు తీసుకున్న చిన్న సర్వరు దగ్గరికి తెనాలి రౌటరే వెళ్లి, 25 సెకన్లకోసారి ‘ఉన్నాను’ అంటుంది. డాలస్ ఫోను కూడా అక్కడికే వస్తుంది. పెళ్లిచూపులు సత్రంలో పెట్టుకున్నట్టు. ఒక చిక్కు మిగిలింది. వైర్‌గార్డ్ పలకరింపులో వేళ కూడా ఉంటుంది. కిందటి పలకరింపు కంటే వెనకటి వేళ వేసుకుని వస్తే అవతలివాడు నమ్మడు. ఈ రౌటరు గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు పోయి వచ్చాక సరైన టైము తెచ్చుకునేదాకా అది ఏదో పాత తేదీలో బతుకుతుంటుంది. తెనాలిలో కరెంటు సంగతి టీకకు అవసరం లేదు.

అన్వయం: ‘కోరి, విసిగి, వేగి’ అన్న క్త్వార్థక క్రియలకు కర్త ఎవరు? ప్రధానక్రియ ‘తెరిచినాడు’ గనుక, రెంటికీ కర్త ఒక్కడే కావాలి గనుక, తండ్రేనని వ్యాకరణం. తొమ్మిది దాకా మేలుకున్న, సారీ, అక్కడి లెక్కన రాత్రి పదిన్నర దాకా మేలుకున్న పుత్రుడేనని కొందరు. ఈ వివాదం తీర్చుకుందామని కాగితం పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. చల్లారిన ఇడ్లీలతో ఉప్మా కలుపుతున్న కవయిత్రి తల ఎత్తలేదు.

“పెరట్లో మొక్కలకు పనమ్మాయి నీళ్లు పోస్తోందో లేదో చూడాలని కోరింది ఎవరండీ?”

“నువ్వు.”

“మరి ఇంకెవరు వేగుతారు? ముందు ఆ వీధి తలుపు వేసి రండి, ఈగలు.”