సారమేయ సంజీవని

మూలము: “నేను ఈ శునకమునకు పెట్ పేరెంటునై, దీనిని దత్తత గైకొని, జీవితాంతము ప్రేమింతునని హామీ యిచ్చుచున్నాను.”

అవతారిక: కుక్కను తెచ్చుకొన శరణాలయమునకు పోయినవాడు నాలుగు పుటల దరఖాస్తు నింపి, ఇంటి ఫోటోలు పంపి, రెండు మార్లు ఫోనులో పరీక్షింపబడిన పిమ్మట ఈ వాక్యము క్రింద సంతకము చేయవలెను. మెదక్ సీమలోని కొలిచెలమ వాడైన వ్యాఖ్యాత మల్లినాథసూరి ఆధారము లేనిది వ్రాయననియు, అక్కర లేనిది చెప్పననియు ప్రతిజ్ఞ పట్టెను. అందు మొదటి సగము మాకును శిరోధార్యము.

ప్రతిపదార్థము: సుగమము.

శునకమునకు: కోశకారుడు అమరుడు దీనికి చెప్పిన పేళ్లలో మొదటిది కౌలేయకము, మంచి కులమున పుట్టినదని భావము. పాణిని ఒక సూత్రమున సద్వంశజుడగు నరుని, వేరొక సూత్రమున కుక్కను కౌలేయకమనియే సాధించెను. అంతతో తనివి తీరక, ఇంకొక సూత్రమున (6.4.133) కుక్కను, యువకుని, ఇంద్రుని ఒక్క తాటికి కట్టెను. ఇంద్రునికి సరమ యను కుక్క కలదు. పణులు దాచిన ఆవుల జాడ తీసినది అదియే. ఇంద్రుడు నాలుగు పుటలు నింపినట్లు వినము. ఆ సరమ బిడ్డను జనమేజయుని తమ్ములు యజ్ఞభూమిలో ఊరక కొట్టిరి. తల్లి పోయి రాజునే నిలదీసెను. ఏ తప్పునకు కొట్టితిరని అడిగినచో జవాబు లేదు. శాపము తగిలిన తరువాత మాత్రము రాజు పురోహితుని కొరకు ఎంతయో వెదకెను. లక్ష శ్లోకముల భారతము మొదటనే ఒక కుక్క ఫిర్యాదు నమోదైనది. ఎవరును రసీదు ఇయ్యలేదు.

మూలమెచ్చట విడిచితిమి?

పేరెంటు: పేరంటముతో దీనికి చుట్టరికము లేదు. పేరంటమునకు వచ్చినవారు శనగలు మూటగట్టుకొని పోవుదురు; పేరెంటులు ఫోటో.

దత్తత: ఇది అపశబ్దము. ధర్మశాస్త్రమున పుత్రులు పన్నెండు విధములు. కన్నవారు నీరు విడిచి యిచ్చినవాడు దత్తకుడు. సొమ్ముకు కొన్నవాడు క్రీతుడు. కన్నవారు విడిచిపెట్టగా వేరొకరు చేరదీసినవాడు అపవిద్ధుడు. కావున దుకాణపు కుక్క క్రీతము. శరణాలయపు కుక్క అపవిద్ధము. ఇచట నీరు విడిచి యిచ్చిన దాత యెవడు? రాత్రిపూట గేటుకు తాడుతో కట్టేసి కారెక్కి పోయినవాడు. వాడికి దరఖాస్తు లేదండీ! వాడి ఇంటి ఫోటోలు ఎవరూ అడగలేదు. నేను చూసిన లాబ్రడార్ మెడలో పేరు చెక్కిన బిళ్ల కూడా ఉంది. ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం 1960 చట్టం ప్రకారం నేరమే. మొదటి తప్పుకు జరిమానా పది రూపాయల నుంచి యాభై దాకా. నా దరఖాస్తు జిరాక్సులకే అంతకంటే ఎక్కువైంది.

ప్రకృతమనుసరింతము.

జీవితాంతము: ఎవరి జీవితము? కుక్కదా, సంతకము చేసినవానిదా? ఉభయాన్వయము. కుక్క ఆయువు పదిపన్నెండేండ్లు; వ్యాఖ్యాతకు అరువదినాలుగు నిండినవి. “మీ తర్వాత ఎవరు చూసుకుంటారంకుల్?” అని శరణాలయంలోని అమ్మాయి అడిగింది. మా అబ్బాయి పేరు రాశాను. అడ్రసు డాలస్ అని చూసి, “ఇక్కడివాళ్లెవరైనా?” అంది. చాలాసేపు ఆలోచించి వాచ్‌మన్ పేరు రాశాను.

తాత్పర్యము: చెవి కొస కత్తిరించిన మూడేండ్ల నాటు కుక్క, లాబ్రడార్ కొరకు వచ్చిన వారెవ్వరును కన్నెత్తి చూడనిది, మా ఇంటికి వచ్చి సోఫా క్రింద దూరి రెండు దినములైనది. పేరెంటు పిలిచినను వెలుపలికి రాలేదు. పెరుగన్నము మాత్రము రాత్రి ఖాళీ యగుచున్నది. శేషము స్పష్టము.